క్లాసులో పిల్లాడు 1936 గురించి అడిగాడు, జవాబు చెప్పలేకపోయాను

పర్లా_మేస్టారు
ఆరేళ్ల నుంచి ఒడిశా గజపతి జిల్లాలో (పర్లాకిమిడి వైపు) ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీగా హిస్టరీ చెబుతున్నాను. మాది తెలుగిల్లు, చదువంతా ఒడియా మీడియం, తెలుగు చదవడం రాయడం అమ్మ నేర్పింది. పీరియడ్ లెక్కన డబ్బులు, వేసవి సెలవులకు ఏమీ రాదు, కాలేజీ తెరిచే ముందు ఈ ఏడు మళ్లీ పిలుస్తారా లేదా అని టెన్షన్. ఇవన్నీ ఇక్కడ చాలామందికి తెలిసినవే. పోయిన మంగళవారం జరిగింది వేరే.

ఒడిశా రాష్ట్రం ఏర్పడిన పాఠం. 1903లో కటక్‌లో ఒడియావాళ్ల సొంత రాష్ట్రం కోసం పెట్టిన ఉత్కళ సమ్మిళని, హద్దులు చూసిన ఓడొనెల్ కమిటీ, లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశం, మన పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి, చివరికి 1936 ఏప్రిల్ 1. అన్నీ వరసగా బోర్డు మీద రాశాను. చివరి బెంచీలో ఎప్పుడూ నోరెత్తని కుర్రాడొకడు లేచి తెలుగులో అడిగాడు. "సార్, ఆ ఏడాది మనం ఊరు పోగొట్టుకున్నామని మా తాత అంటాడు. పుస్తకంలో మన ఊరు సొంత రాష్ట్రంలో చేరిందని ఉంది. పరీక్షలో ఏది రాయాలి?"

ఒడియా పిల్లలకు కూడా తెలుగు అర్థమవుతుంది కదా, క్లాసంతా నా వైపే చూసింది. నేను "పుస్తకంలో ఉన్నదే రాయి, మార్కులు దానికే" అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ కూర్చోవడం ఇంకా కళ్ల ముందే ఉంది. ఇలాంటి ప్రశ్న ఒకటి వస్తుందనే నేను ఈ సబ్జెక్టు తీసుకున్నది, తీరా వచ్చిన రోజున తప్పించుకున్నాను. మా బావమరిది రాయగడలో తన షాపు చూసుకోమంటున్నాడు. ఈ ఉద్యోగం మానేయడమే నయమా? నిజంగానే అడుగుతున్నాను.

పట్టు_వీధి
తమ్ముడూ, నువ్వు చేసింది తప్పేమీ కాదు. గెస్ట్‌గా ఉన్నవాడివి. ఎవడో ఫోన్లో తీసి గ్రూపుల్లో పెడితే నీకు అండగా నిలబడేవాళ్లు ఉండరు. ముందు పర్మినెంట్ అవ్వు, తర్వాత అన్నీ చెప్పొచ్చు.

జయపురం_రమణి
పట్టు_వీధి గారితో నేను ఏకీభవించను. పర్మినెంట్ అయ్యాక చెబుతాం అనుకున్నవాళ్లను చాలామందిని చూశాను, అప్పటికి చెప్పే అలవాటే పోతుంది. నేను 14 ఏళ్లుగా కొరాపుట్ జిల్లాలో హిస్టరీ చెబుతున్నాను, అందులో మొదటి ఏడేళ్లు గెస్టే. మేస్టారూ, ఆ కుర్రాడు అడిగింది రాజకీయం కాదు, సాక్ష్యం గురించిన ప్రశ్న. తాత ఒకటి చెబుతున్నాడు, పుస్తకం ఒకటి చెబుతోంది, రెంటినీ ఎలా చూడాలి అని. మన సబ్జెక్టు మొత్తం అదే కదా. వచ్చే క్లాసులో మళ్లీ ఎత్తండి, ఆలస్యమేం కాలేదు.

నౌపడ_బండి
దీనికింత మొహమాటం ఎందుకో నాకు అర్థం కాదు. పర్లాకిమిడిలో తెలుగువాళ్లకు అన్యాయం జరిగింది, ఆ మాట చెప్పండి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఊళ్లో 50 ఏళ్లకు పైగా ఉండి, 1936లో ఊరు ఒడిశాలో కలిపారని అన్నీ వదులుకుని రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయనకంటే సాక్ష్యం ఏం కావాలి.

కటకం_కోడలు
నౌపడ_బండి అన్నా, నేను బరంపురం తెలుగమ్మాయిని, ఒడియా ఇంటి కోడలిని. మా మామగారు కూడా హిస్టరీ టీచరే. ఆయన మొదటిసారి ఈ సంగతి చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది, తర్వాత ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఒడియా వాళ్లు అప్పుడు మద్రాసు కింద కొందరు, బెంగాల్ కింద కొందరు, సెంట్రల్ ప్రావిన్సెస్ కింద కొందరు. ఎక్కడ చూసినా వాళ్లే తక్కువమంది. బళ్లో, కోర్టులో వేరే భాష. ఒడియా అసలు విడి భాషే కాదని 1870 ప్రాంతంలో పుస్తకం వేసినవాళ్లు కూడా ఉన్నారు. మనవాళ్లు 1913లో బాపట్ల ఆంధ్ర మహాసభ దగ్గర్నుంచి మద్రాసులో పడి ఏం అడిగారో, వాళ్లు పదేళ్ల ముందు కటక్‌లో అదే అడిగారు. మనది ఉద్యమం, వాళ్లది ఆక్రమణ అంటే ఎలా?

నౌపడ_బండి
ఉద్యమం తప్పని నేననలేదు చెల్లీ. గీత ఎక్కడ గీశారన్నదే నా బాధ. పాతపట్నం ఇటు, పర్లాకిమిడి అటు. మా మేనత్తది ఆ ఊరు, మాది ఈ ఊరు. మధ్యలో నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు.

వంశధార_ఒడ్డు
నేను రిటైరై తొమ్మిదేళ్లయింది. మొత్తం 31 ఏళ్లు ఇదే పని. కాస్త పెద్దగా రాస్తాను, ఓపికుంటే చదవండి.

బాబూ మేస్టారూ, ముందు ఆ గీత ఎలా వచ్చిందో పిల్లలకు పూర్తిగా చెప్పారా? పాఠంలో "కమిటీ వేశారు, రాష్ట్రం వచ్చింది" అని రెండు వాక్యాల్లో అయిపోతుంది. అసలు కథ ఆ రెండు వాక్యాల మధ్యలోనే ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం వేసిన 1933 శ్వేతపత్రంలో పర్లాకిమిడి, జయపురం జమీందారీలు రెండూ ఒడిశాలో లేవు. మహారాజా గట్టిగా పట్టుబట్టి లండన్ దాకా వెళ్లి వాదించారు. తర్వాత 1934లో జాయింట్ పార్లమెంటరీ కమిటీ జయపురాన్ని, పర్లాకిమిడి జమీందారీలో ఒక ముక్కని ఊరితో సహా ఒడిశాకు ఇవ్వాలంది. మిగతా జమీందారీ మద్రాసులోనే ఉండిపోయింది. అంటే మహారాజా సొంత ఎస్టేటే రెండు రాష్ట్రాలకు పంచేశారు. ఆయనే 1937లో ఒడిశాకు మొదటి ప్రధానమంత్రి అయ్యారు, అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. ఇది చెబితే "పోగొట్టుకున్నాం", "చేరుకున్నాం" అన్న రెండు మాటలూ పిల్లలకు చిన్నవిగా కనిపిస్తాయి. ఎవరు అడిగారు, ఎవరు గీశారు, గీసినవాళ్ల ముందు ఏ లెక్కలున్నాయి అని వాళ్లే అడగడం మొదలుపెడతారు. నా క్లాసులో అడిగారు కూడా.

ఇక గిడుగువారి సంగతి. నౌపడ_బండి అన్నది నిజమే, 1936లో ఆయన ఊరు విడిచారు. కానీ అక్కడితో ఆపేస్తే ఆయనకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఆయన కూడా మనలాగే పర్లాకిమిడి రాజావారి కాలేజీలో చరిత్ర చెప్పిన మేస్టారే. పక్కనున్న ముఖలింగం గుడి రాళ్ల మీద ఏం రాసుందో తెలుసుకోవాలని సొంతంగా లిపి నేర్చుకుని ఆ శాసనాలు చదివారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని వాదించారు. కొండమీద సవరల భాష నేర్చుకుని, వాళ్లకు వాళ్ల భాషలోనే బడి పెట్టారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. తెలుగు కోసం అంత పోట్లాడిన మనిషి తనది కాని భాషకు అన్నేళ్లు ఇచ్చారంటే, ఆ కుర్రాడికి చెప్పాల్సింది అది. తన భాష మీద ప్రేమ ఉన్నవాడికే ఎదుటివాడి భాష విలువ తెలుస్తుంది.

ఉద్యోగం మానేయాలా అన్నారు. షాపు మంచి పనే. కానీ ఆ కుర్రాడికి జవాబు చెప్పాక మానేయండి.

జయపురం_రమణి
గురువుగారూ, చివరి మాట చాలా బాగుంది.

సవర_గుణుపురం
ఇక్కడ అందరూ తెలుగు, ఒడియా అనే మాట్లాడుతున్నారు. నేను సవరని, మా ఊళ్లో సంతకి వెళ్తే తెలుగు, ఆఫీసుకి వెళ్తే ఒడియా, ఇంట్లో సవర. డిగ్రీలో హిస్టరీ ఆనర్స్ చేశాను. 1936 అంటే మాకు ఇంకో సంగతి కూడా ఉంది. అదే ఏడాది మంగేయి గొమాంగో మా భాషకు సొరాంగ్ సోంపేంగ్ అనే లిపి తయారు చేశారు. రెండు పెద్ద భాషల వాళ్లు గీత కోసం కొట్టుకుంటున్నప్పుడు మా మనిషి అక్షరాలు గీసుకున్నాడు. మూడేళ్లలో ఒక్క లెక్చరర్ కూడా ఈ మాట చెప్పలేదు. నాకు మా పెద్దనాన్న చెప్పాడు. మేస్టారూ, మీ క్లాసులో సవర పిల్లలు తప్పకుండా ఉంటారు. గజపతి జిల్లాలో లేకుండా ఎలా ఉంటారు?

పర్లా_మేస్టారు
తమ్ముడూ, 43 మందిలో 17 మంది ఉన్నారు. ఇప్పుడే రిజిస్టర్ తీసి లెక్కపెట్టాను. ఆరేళ్లలో నేనూ ఈ మాట చెప్పలేదు. తెలిసుండీ చెప్పలేదు, సిలబస్‌లో లేదు కదా అని. క్షమించు.

సవర_గుణుపురం
క్షమించడానికేముంది సార్. ఇప్పుడు చెప్పండి చాలు.

పట్టు_వీధి
ఇవన్నీ వినడానికి బాగున్నాయి. జీతం సంగతి ఎవరూ మాట్లాడరేం? యూజీసీ 2019లో గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకి 1,500, నెలకి మించితే 50,000 అని రాసింది. మనలో ఎంతమందికి అందులో సగమైనా వస్తోంది? మా తమ్ముడు కెమిస్ట్రీ గెస్టుగా చేరి రెండేళ్లకే మందుల కంపెనీకి వెళ్లిపోయాడు. హిస్టరీ వాడికి ఏ కంపెనీ ఉంది? ఇంట్లో పెళ్లాం పిల్లలు ఉన్నవాడికి ఆదర్శం చెప్పేముందు ఇది కూడా చెప్పండి.

ప్రాణహిత_సిరోంచ
మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. నది దాటితే కాళేశ్వరం, అక్కడంతా తెలుగు. ఇక్కడ కూడా ఇంట్లో తెలుగే, బడిలో మాత్రం మరాఠీ. మాకు సీహెచ్‌బీ అంటారు, గడియారం లెక్క. గంటకింత. గంట మోగకపోతే, పిల్లలు బంద్ చేస్తే, పరీక్షలొస్తే ఆ గంట పోయినట్టే. పట్టు_వీధి అన్నతో నేను నూరుపాళ్లు. పాఠం తయారు చేసుకోవడానికి రాత్రి మూడు గంటలు కూర్చుంటాం, దానికి గంట లేదు.

కానీ వదల్లేదు. ఒకటి చెబుతా. మా పిల్లలకు శివాజీ మహారాజ్ గురించి చంటప్పటి నుంచీ తెలుసు, మంచిదే. సిరోంచ ఒకప్పుడు ఎగువ గోదావరి జిల్లాకు హెడ్‌క్వార్టర్ అని, 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వాళ్లకి వెళ్లిన సీమ అని ఒక్కరికీ తెలియదు. ఒక రోజు ఆ మాట చెప్పగానే ఒకమ్మాయి "అందుకేనా సార్ మనం ఇటు, మా పిన్ని వాళ్లు అటు" అంది. ఆ ఒక్క గంట డబ్బులు రాకపోయినా పర్వాలేదనిపించింది. మిగతా గంటల డబ్బులు మాత్రం కావాలి.

జయపురం_రమణి
జీతం గురించి పట్టు_వీధి గారు అడిగింది న్యాయం. దాటేయను. మేస్టారూ, మీకు నెట్, అదే లెక్చరర్ అర్హత పరీక్ష, ఉందా? పీహెచ్‌డీ చేస్తున్నారా? 2023 నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ గానీ రాష్ట్రాలు పెట్టే సెట్ గానీ చాలు. ఆ పేపరు మన పిల్లలకు కష్టమయ్యేది భాష వల్లే, ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. నేను మూడోసారికి పాసయ్యాను. మొదటి రెండుసార్లూ ఒడియాలో తెలిసిన జవాబుని ఇంగ్లీషులో గుర్తుపట్టలేక పోగొట్టుకున్నాను. రోజుకో పేజీ ఇంగ్లీషు పుస్తకం గట్టిగా చదవండి, నోట్సు ఇంగ్లీషులోనే రాసుకోండి. నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటి కూడా వదలకండి.

పర్లా_మేస్టారు
నెట్ రెండుసార్లు రాశాను మేడం, రెండోసారి కొద్దిలో పోయింది. మళ్లీ రాయాలంటే చేతులు రావడం లేదు.

జయపురం_రమణి
మూడోసారి రాయండి. నా నోట్సు పీడీఎఫ్ పంపుతాను, ఇక్కడే మెసేజ్ పెట్టండి.

కొత్త_లెక్చరర్
మధ్యలో అడుగుతున్నాను. నాది శ్రీకాకుళం, ఎమ్మే హిస్టరీ. ఒడిశా కాలేజీల్లో మాలాంటి వాళ్లు అప్లై చేయొచ్చా?

కటకం_కోడలు
ఒడియా రావాలి తమ్ముడూ. చదవడం, రాయడం, మాట్లాడటం మూడూ. ఏడో తరగతి స్థాయి ఒడియా పాసైన సర్టిఫికెట్ అడుగుతారు. నోటిఫికేషన్‌లో ఆ పేరా జాగ్రత్తగా చదువుకో. మా పక్కింటి కుర్రాడు ఆ ఒక్క కాగితం లేక ఏడాది పోగొట్టుకున్నాడు.

రుషికుల్య
నాదీ హిస్టరీనే, బరంపురం దగ్గర. పర్లా_మేస్టారూ, "మళ్లీ ఎలా ఎత్తను" అని ఆలోచిస్తున్నట్టున్నారు. నేను ఏటా పిల్లల్ని జౌగడ తీసుకెళ్తాను, పురుషోత్తంపూర్ దగ్గర అశోకుడి శాసనం. ఇక్కడా, భువనేశ్వర్ దగ్గర ధౌళిలోనూ 13వ శాసనం లేదు. కళింగ యుద్ధంలో ఇంతమంది చనిపోయారు, నాకు పశ్చాత్తాపం కలిగింది అని రాయించుకున్నది అదే. వేరే చోట్ల చెక్కించాడు, యుద్ధం జరిగిన కళింగలో చెక్కించలేదు. దాని బదులు ఇక్కడ మనుషులందరూ నా బిడ్డలే అని అధికారులకు చెప్పిన శాసనాలున్నాయి. పిల్లలకు ఇది చెప్పి ఊరుకుంటాను. పోయినేడు ఒకమ్మాయి అంది, "దెబ్బ తిన్నవాళ్ల ఎదురుగా ఆ లెక్క చదవలేకపోయాడేమో సార్" అని. ఇంకొకడు "పాలించాలిగా, గుర్తు చేస్తే ఎలా" అన్నాడు. రెండు గంటలు మాట్లాడుకున్నారు, ఎండలో. ఆ శాసనాల బ్రాహ్మీ లిపిలో క అక్షరం కూడిక గుర్తులా ఉంటుంది, అది ఒక్కటి నేర్పితే చాలు, రాయంతా వెతుక్కుంటూ వేళ్లు చూపిస్తారు.

మీ కుర్రాడిది కూడా ఇలాంటి ప్రశ్నే. ఎవరు, ఎవరి ముందు, ఏది చెప్పకుండా వదిలేశారు అన్నదే.

నౌపడ_బండి
ఇది నాకు తెలియదు. మా కాలంలో అశోకుడంటే చెట్లు నాటించెను వరకే. మేం నౌపడ నేరోగేజీ బండిలో పర్లాకిమిడి చదువుకి వెళ్లేవాళ్లం, దిగి చింతకాయలు కోసుకుని మళ్లీ ఎక్కేంత నెమ్మది. 2004లో ఆపేశారు, తర్వాత బ్రాడ్‌గేజీ వచ్చింది. 1900లో వేసిన లైను అది. కటకం_కోడలు చెల్లీ, నువ్వు చెప్పిన దాని గురించి రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. మా అత్త ఊరు పోయిందనే బాధ తగ్గలేదు. కానీ వాళ్ల బాధ ఒకటుందని ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు.

కటకం_కోడలు
అన్నా, మీ అత్తయ్య బాధ కూడా నిజమే. దాన్ని కాదనలేదు నేను.

పర్లా_మేస్టారు
అందరికీ. నిన్న క్లాసు చెప్పాను.

ముందు ఆ కుర్రాడికి అందరి ముందూ చెప్పాను, పోయిన వారం నీ ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్పలేదు, తప్పు నాది అని. వంశధార గురువుగారు రాసిన వరసలోనే శ్వేతపత్రం, 1934, ఎస్టేటు ముక్కలవడం చెప్పాను. తర్వాత అడిగాను, మీ ఇళ్లలో 1936కి ముందువి ఏమైనా కాగితాలున్నాయా అని. ఎవరూ మాట్లాడలేదు. ఈ రోజు ఉదయం ఆ కుర్రాడు పాలిథిన్ కవర్లో రెండు కాగితాలు తెచ్చాడు. వాళ్ల ముత్తాత జమీందారీకి కట్టిన శిస్తు రశీదు ఒకటి, తెలుగులో, మడత దగ్గర చిరిగిపోయి, అంచులు చెదలు కొట్టి. ఇంకోటి ఆ తర్వాతది, ఒడియాలో. వాడికి తెలుగు చదవడం రాదు. ఇన్నాళ్లూ ఇంట్లో ఉన్నా అందులో ఏముందో తెలియదు. నేను చదివాను. "గెడ్డ మడి" అని ఉంది పొలం పేరు. ఒడియా కాగితం ఒక ఒడియా అమ్మాయికి ఇచ్చి చదవమన్నాను. కూడబలుక్కుని చదివింది. ఒడియా అక్షరాల్లో అదే పేరు, "గెడ్డ మడి". రాష్ట్రం మారింది, లిపి మారింది, పొలం పేరు అలాగే ఉంది. ఆ అమ్మాయి "గెడ్డ అంటే ఏంటి" అని అడిగింది. ఆ కుర్రాడే చెప్పాడు, మా చేను పక్కన పారే కాలువ అని. వాడు క్లాసులో అంతసేపు మాట్లాడటం ఆరేళ్లలో, కాదు, వాడు చేరిన రెండేళ్లలో ఇదే మొదలు.

సొరాంగ్ సోంపేంగ్ గురించీ చెప్పాను. సవర అబ్బాయిలు ఇద్దరు వాళ్ల మామయ్య దగ్గర ఆ అక్షరాలు ఉన్న పుస్తకం ఉంది, సోమవారం తెస్తామన్నారు.

పరీక్షలో ఏది రాయాలని వాడు మళ్లీ అడిగాడు. ఏం జరిగిందో రాసి, ఎవరెవరు దాన్ని ఎలా చూశారో కూడా రాయి, పేపరు దిద్దేవాళ్లు మార్కులు తగ్గిస్తే నా దగ్గరికి రా అన్నాను. ఇది సరైన సలహా అవునో కాదో మీరు చెప్పండి.

పట్టు_వీధి
సలహా సరైనదే. గుర్తుంచుకో, వాడు నిజంగానే వస్తాడు. రశీదు ఫొటో తీసి పెట్టావా? చెదలున్న కాగితం, మళ్లీ ఆ కవర్లో పెట్టొద్దు, గాలి ఆడదు.

పర్లా_మేస్టారు
తీశాను అన్నా, రెండు వైపులా. కాగితం కవర్లో పెట్టి ఇచ్చాను.

సవర_గుణుపురం
సోమవారం ఆ పుస్తకం ఫొటో నాకు కూడా పంపండి సార్.

వంశధార_ఒడ్డు
బాబూ, చాలా సంతోషం. వచ్చే ఆదివారం పిల్లల్ని ముఖలింగం తీసుకురాగలరా? నేను వస్తాను. అక్కడి శాసనాల్లో అఖండ దీపానికి దానాలు ఇచ్చినవి ఎన్నో, సంస్కృతంలోనూ తెలుగులోనూ. శాసనాలకు కాగితం మీద అచ్చులు తీయడానికి పురావస్తు శాఖ అనుమతి కావాలి, రాయి మీద నీళ్లు, సుద్ద పెట్టనివ్వకండి. చూస్తే చాలు. నాలుగు దాటాక రండి, ఎండ వాలుగా పడితే అక్షరాలు పైకి లేస్తాయి. లోపల చీకటి చోట్ల టార్చి పక్క నుంచి వేస్తే కనిపిస్తాయి, ఎదురుగా వేస్తే రాయి నున్నగా కనిపిస్తుంది.

పర్లా_మేస్టారు
వస్తాం గురువుగారూ. ఇప్పటికి 11 మంది పేర్లు ఇచ్చారు. పాతపట్నం దాకా ఆటోల్లో వచ్చి అక్కడ్నుంచి బస్సు.

నౌపడ_బండి
నేనూ వస్తాను, ఎవరైనా ఏమైనా అనుకుంటారా? టార్చి నాది పెద్దది ఉంది.

జయపురం_రమణి
మేస్టారూ, పీడీఎఫ్ పంపాను. ఈసారి ఫారం నింపాక ఇక్కడ రాయండి.